చూసి గీసే చదువుకు చోటివ్వండి

సంపాదకులకు నమస్కారములు.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 సంవత్సరాలు డ్రాయింగ్ ఉపాధ్యాయునిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. పోయిన నెల మా ప్రాంతంలో విద్యార్థుల చిత్రకళా ప్రదర్శన ఒకటి జరిగింది. నా వద్ద ఆదివారాలు బొమ్మలు నేర్చుకుంటున్న పదో తరగతి అమ్మాయి, డచ్చి చిత్రకారుడు యోహానెస్ వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ‘ముత్యపు చెవిపోగు బాలిక’ చిత్రాన్ని నాలుగు నెలలపాటు కష్టపడి నూనె రంగుల్లో తిరిగి వేసి, కింద ‘వెర్మీర్ చిత్రం చూసి వేసినది’ అని స్వయంగా రాసి, ఆ ప్రదర్శనకు ఇచ్చింది. పరిశీలకులుగా వచ్చిన పెద్దలు దానిని గోడ మీదినుంచి తీయించి బల్ల కింద పెట్టించారు. సొంత ఊహతో వేసిన చిత్రాలనే తీసుకుంటామని ఒక పోటీ నియమం పెట్టుకుంటే అది న్యాయమే, దానిపై నాకు వాదన లేదు. కాని పదిమంది పిల్లలు వింటుండగా వారు ఆ అమ్మాయితో ‘కాపీ కొట్టి తెచ్చావు’ అన్నారు. ఆ సాయంత్రం వాళ్ళ అమ్మగారు మా ఇంటికి వచ్చి, ‘మాస్టారూ, మా పిల్ల తప్పు చేసిందా అండీ?’ అని అడిగారు. ఆమెకు చెప్పిన జవాబును మరికొంత వివరంగా మీ పాఠకులకు కూడా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

‘కాపీ కొట్టడం’ అనేది పరీక్ష గదిలో పుట్టిన మాట. అక్కడ పక్కవాడి జవాబు మన కాగితం మీదికి వస్తుంది గాని మన తలలోకి ఏమీ ఎక్కదు. చేత్తో బొమ్మ వేసేటప్పుడు ఆ వీలు లేదు. ఎదుటి చిత్రంలో కనురెప్ప గీత ఎందుకు అక్కడ ఆగిపోయింది, మెడ మీది నీడ ఎందుకు నల్లగా కాక గోధుమరంగులో ఉంది అన్నది అర్థమైనంత మేరకే అది మన కాన్వాసు మీదికి వస్తుంది. అర్థం కానిది రాదు, రాలేదని చూసినవారందరికీ తెలిసిపోతుంది కూడా. మన భాషలో ఈ పనికి చక్కటి మాట ఉంది. అక్షరాభ్యాసం అయిన పిల్లవాడు పలక మీద పెద్దలు రాసిపెట్టిన అక్షరం పైన బలపంతో మళ్ళీ మళ్ళీ రాయడాన్ని దిద్దడం అంటాము. తప్పును సరిచేయడాన్ని కూడా దిద్దడమే అంటాము. గురువు గీతను మన గీత తప్పిన చోటనే మన లోపం మనకు కనబడుతుంది గనుక ఆ రెండు పనులకూ ఒకే మాట సరిపోయింది.

వెర్మీర్ చిత్రాన్నే ఎంచుకోమని ఆ అమ్మాయికి చెప్పింది నేనే. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో, మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం పేరు చూసి పెద్దదనుకుంటారు గాని, దాని ఎత్తు 44.5 సెంటీమీటర్లు, వెడల్పు 39 సెంటీమీటర్లు మాత్రమే. ఒక తల, ఒక భుజం, తలకు చుట్టిన గుడ్డ, చెవికి ముత్యం, ఇంతే అందులో ఉన్నవి. చేతులు లేవు, కుర్చీ లేదు, కిటికీ లేదు. వెలుతురు మనకు ఎడమవైపునుంచి, ఒకే దిక్కునుంచి వస్తుంది. ముఖం వేయడం నేర్చుకునేవారికి ఇంతకన్న శుభ్రమైన పాఠం దొరకడం కష్టం. ఫలానా మనిషి పోలిక రావాలని అడిగి వేయించుకున్న రూపచిత్రం కూడా కాదది. ఎవరో ఒకరి ముఖాన్ని ఒక వేషంలో, ఒక భావంతో వేసే అలవాటు ఆనాటి డచ్చి చిత్రకారులకు ఉండేది, అటువంటి చిత్రాన్ని వారు ‘ట్రోనీ’ అనేవారు. అన్నిటికన్న ముఖ్యంగా, ఇంత లోతుగా పరీక్షకు గురైన చిత్రాలు ప్రపంచంలో కొద్ది. 1994లో దానిని శుభ్రపరచి మరమ్మతు చేసినప్పుడు కొన్ని సంగతులు తెలిశాయి. 2018లో మ్యూజియం హాలులోనే, సందర్శకుల కళ్ళ ఎదుట అద్దాల గదిలో ఉంచి, కాన్వాసుకు హాని కలగని రీతిలో యంత్రాలతో పొరపొరా పరిశీలించి, తెలిసినదంతా 2020లో బయటపెట్టారు. వెర్మీర్ ముందు ఏ రంగు వేశాడో, దానిపైన ఏది వేశాడో, ఎక్కడ మనసు మార్చుకుని చెవిని, మెడ వెనుక గీతను జరిపాడో ఇప్పుడు మనకు తెలుసు. ఆ జ్ఞానం పక్కన పెట్టుకుని ఆ చిత్రాన్ని దిద్దితే ఆయన వర్క్‌షాపులో ఒక మూల నిలబడి చూసినంత మేలు.

మొదట గీతల పని. నా చిన్నతనంలో సినిమా బ్యానర్లు వేసే ఒక పెయింటరుగారి దగ్గర రంగులు కలిపిపెట్టే పనికి వెళ్ళేవాడిని. ఆయన చిన్న ఫొటో మీద పెన్సిలుతో గళ్ళు గీసి, అన్నే గళ్ళు ఇరవై అడుగుల గుడ్డ మీద సుద్ద దారంతో కొట్టి, ఒక్కొక్క గడిలో ఉన్నది ఒక్కొక్క గడిలోకి ఎక్కించేవారు. పోలిక ఎన్నడూ తప్పేది కాదు. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది, కాని మొదటి రెండు వారాలు దానిని ఈ అమ్మాయికి ఇవ్వలేదు. గళ్ళు చేతికి సాయం చేస్తాయి గాని కంటికి పని తగ్గిస్తాయి. అందుచేత ముందు మామూలు కాగితం మీద, గళ్ళు లేకుండా, తల వంపు ఎంత, గడ్డం కొస నుంచి ముత్యం ఎంత దూరం, రెండు కళ్ళనూ కలిపే గీత ఎంత ఏటవాలుగా ఉంది అని పెన్సిలు చాపి కొలుచుకుంటూ పదకొండు సార్లు వేయించాను. వేసినదాన్ని తలకిందులుగా పెట్టి చూడడం, అద్దంలో చూడడం నేర్పాను. ఆవలి కన్ను ఇవతలి కంటికన్న కొంచెం చిన్నదిగా, ముక్కు దూలానికి దగ్గరగా ఉంటుందని ఏడో బొమ్మ దగ్గర తనకే తెలిసింది. అది నేను చెప్పి ఉంటే పది రోజుల్లో మరిచిపోయి ఉండేది. ఆ తరువాతనే గళ్ళ సాయంతో, అసలుకన్న నాలుగో వంతు పెద్దదిగా, సుమారు 56 సెంటీమీటర్ల ఎత్తు, 49 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కాన్వాసు మీదికి ఎక్కించాము.

ఇక రంగు. మన పిల్లలు ముఖం అనగానే గులాబీరంగు తీస్తారు. వెర్మీర్ అలా మొదలుపెట్టలేదు. గోధుమ, నలుపు ఛాయలతో వెడల్పాటి కుంచె పట్టి, వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ అన్నది ముందు తేల్చుకున్నాడు. మేము కూడా రా అంబర్ అనే గోధుమరంగును టర్పెంటైనుతో పలచగా కలిపి, తెలుపు ముట్టకుండా, గుడ్డపీలికతో తుడుస్తూ వెలుగులు తెచ్చుకుని, ఆ ఒక్క రంగుతోనే ముఖమంతా నిలబెట్టాము. ఈ అడుగు పూత దగ్గర పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో ఆ అమ్మాయి నేర్చుకున్నది మిగిలిన మూడు నెలల్లో నేర్చుకున్నదానికన్న ఎక్కువ అని నా అభిప్రాయం. కళ్ళు చికిలించి చూస్తే చిత్రంలోని వివరాలు మాయమై మూడే మూడు ఛాయలు మిగులుతాయి. నీడ వైపు ఉన్న బుగ్గ, దవడ కింది భాగం, మెడ, ముత్యం వెనుక చోటు అన్నీ కలిసి ఒకే ముద్దగా కనిపిస్తాయి. ముఖం గుండ్రంగా తోచేది ఆ ముద్ద అంచు ఎక్కడ మెత్తగా కరిగిందో, ఎక్కడ గట్టిగా తెగిందో దానిని బట్టి. రంగు ఎంత బాగున్నా ఛాయ తప్పితే ముఖం పలకలా చదునుగా ఉండిపోతుంది. ఛాయ కుదిరిన ముఖానికి రంగులో చిన్న లోపం ఉన్నా కన్ను దానిని క్షమిస్తుంది.

ఈ దశ దాటాక మేము ఒక పెద్ద పొరపాటు చేశాము. అడుగు పూతలో నూనె తక్కువగా, పై పూతల్లో క్రమంగా ఎక్కువగా ఉండాలన్నది నూనె రంగుల మొదటి నియమం. లేకపోతే కింది పొర ఆరకముందే పై పొర బిగుసుకుని, కొన్నాళ్ళకు పగుళ్ళు వస్తాయి. శ్రావణమాసపు ముసురులో, గాలిలో తేమ నిండి ఉన్న రోజుల్లో, పైకి ఆరినట్టు కనిపించిన పూతను నమ్మి దానిపైన అవిసె నూనె ఎక్కువ కలిపిన పలచని పూత వేయనిచ్చాను. రెండో రోజుకు కుంచె తగిలిన చోటల్లా కింది రంగు లేచి వచ్చింది. నుదురంతా గీకి మళ్ళీ మొదటినుంచి వేయవలసి వచ్చింది. ఆ తప్పు నాది, పిల్లది కాదు. అయితే ఒక పొర ఎన్నాళ్ళు ఆగితే తరువాతి పొరను మోస్తుందన్న సంగతి పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, ఒక నుదురు గీకిన తరువాత తెలిసినట్టు తెలియదు.

వెర్మీర్ వాడిన తెలుపు సీసపు తెలుపు. అది విషం గనుక పిల్లల చేతికి ఇవ్వకూడదు, మేము టైటానియం తెలుపు వాడాము. టైటానియం తెలుపు చాలా బలమైనది, చలవ చేసినట్టుండే రంగు. మొదటిసారి దానిని ధారాళంగా కలపడంతో బాలిక ముఖం సున్నం కొట్టిన గోడలా తయారైంది. తెలుపు తగ్గించి, ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు పెంచి, ఆవగింజంత వెర్మిలియన్ ఎరుపు చేర్చి, వెలుగు పడిన చోట రంగును చిక్కగా, నీడ ఉన్న చోట అడుగు పూత కనిపించేంత పలచగా వేస్తే గాని చర్మంలో ప్రాణం రాలేదు. చిక్కని వెలుగు, పలచని నీడ అనే ఈ ఒక్క సూత్రం ఐరోపా రూపచిత్రకారుల చేతిలో శతాబ్దాలపాటు నలిగినది. దానిని వాక్యంగా చెబితే పిల్లలు తల ఊపి ఊరుకుంటారు, చేతికి తగిలితే వదలరు.

ముక్కు దగ్గర జరిగినది ప్రత్యేకంగా చెప్పాలి. మూడు రోజులు వేసినా ముక్కు అతికించినట్టు ఉంటోందని ఆ అమ్మాయి ఏడుపు ముఖం పెట్టింది. వెర్మీర్ చిత్రపు పెద్ద అచ్చు ప్రతిని దగ్గరగా పట్టుకుని, ‘ముక్కు దూలానికీ ఆవలి బుగ్గకీ మధ్య గీత ఎక్కడుందో వేలితో చూపించు’ అన్నాను. చాలాసేపు వెదికి, లేదు అంది. నిజంగానే లేదు. వెలుగు పడిన దూలం, వెలుగు పడిన బుగ్గ ఒకే రంగులో కలిసిపోయి ఉన్నాయి. ముక్కు పుటం, ముక్కు కింది నీడ, కంటి మూల ఇచ్చిన ఆనవాళ్ళతో మిగిలిన గీతను చూసేవారి కన్నే పూర్తి చేసుకుంటుంది. ఉన్నదని తెలిసినదాన్నల్లా గీయనక్కరలేదు, కనబడినదాన్ని గీస్తే చాలు అన్న పాఠాన్ని నేను 31 ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి చెప్పాను. ఆ అమ్మాయికి అది చెప్పింది 350 ఏళ్ళ క్రితం చనిపోయిన మనిషి. పెదవుల అంచు కూడా అటువంటిదే. పెదవులు కాస్త విడివడి, తడిగా ఉన్నట్టు తోస్తాయి. 1994 మరమ్మతులో నోటి మూలన చిన్న గులాబీ చుక్క ఒకటి బయటపడింది. ఆ చుక్క పెట్టకముందు ఒకసారి, పెట్టిన తరువాత ఒకసారి దూరంనుంచి చూడమన్నాను. చుక్క పడగానే పెదవి మలుపు తిరిగింది.

వెనుకభాగం గురించి మా ఇద్దరికీ వాదం జరిగింది. ఈనాడు చిత్రంలో వెనుక అంతా దాదాపు నల్లగా, ఖాళీగా ఉంది. కాని వెర్మీర్ అక్కడ మడతలున్న ఆకుపచ్చ తెర వేశాడని, దానికి నీలిమందును, వెల్డ్ అనే మొక్కనుంచి తీసే పసుపు రంగును వాడాడని, కాలక్రమంలో ఆ రంగులు వెలిసి మార్పు చెందాయని పరీక్షల్లో తేలింది. (ఆ కాలంలో డచ్చి వర్తకుల ఓడలు మన మచిలీపట్నం రేవునుంచి అద్దకం బట్టలతో పాటు నీలిమందును కూడా ఎత్తుకెళ్తుండేవి. ఆ సంగతి చెప్పినప్పుడు ఆ పిల్ల కళ్ళు ఎంత పెద్దవయ్యాయో!) కంటికి కనబడని సన్నటి కనురెప్ప వెంట్రుకలు కూడా ఆయన వేశాడని అప్పుడే తెలిసింది. మరి మనం దిద్దవలసినది ఈనాడు కనిపిస్తున్న చిత్రాన్నా, ఆయన వేసిన చిత్రాన్నా? నేను కనిపిస్తున్నదే వేయమన్నాను. ఆ అమ్మాయి తెర వేస్తానంది. చివరికి తన మాటే నెగ్గింది. నల్లని ఆకుపచ్చలో, ఉందీ లేదన్నట్టు మూడు మడతలు వేసింది. వేసిన తరువాత ముఖం వెనుక గాలి ఆడినట్టు చోటు ఏర్పడింది. చూసి గీయడంలో సొంత నిర్ణయానికి తావు లేదనేవారు ఆ మడతల ముందు ఒక్క నిమిషం నిలబడి ఉంటే బాగుండేది.

తలగుడ్డకు వెర్మీర్ వాడిన నీలం లాపిస్ లాజులి అనే రాతిని నూరి తీసినది. ఆఫ్ఘనిస్తాన్ గనులనుంచి వచ్చే ఆ రాయి ఆనాడు ఎంతో ఖరీదైనది. మనకు ఇప్పుడు కృత్రిమ అల్ట్రామెరైన్ అందుబాటు ధరకే దొరుకుతుంది. లేత నీలం పూత వేసి, ఆరనిచ్చి, దానిపైన పారదర్శకమైన నీలాన్ని పరిచాము. గుడ్డ మడతలు తేలికగానే వచ్చాయి. ముత్యం చిట్టచివర. దానికి పూర్తి గీత లేదు, చెవికి తగిలించే కొక్కెం కూడా లేదు. పైన ఒక చిక్కని తెల్లచుక్క, అడుగున మెడపట్టీ తెలుపు ప్రతిఫలించే మెత్తని మసక, మిగిలినదంతా మెడ నీడ రంగే. నాలుగు నెలల తరువాత ముత్యానికి పట్టిన సమయం పావుగంట.

ఇంత చేసి ఏమి మిగిలింది అని అడగవచ్చు. దసరా సెలవుల్లో ఆ అమ్మాయి వాళ్ళ అమ్మమ్మగారిని వంటింటి కిటికీ పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, ఏ బొమ్మా చూడకుండా, ఎదుట ఉన్న మనిషిని చూసి వేసింది. మొదటి రోజే అడుగు పూతలో వెలుగు నీడలు సరిగ్గా కూర్చున్నాయి. రెండో రోజు రంగు దగ్గర ఆగిపోయి నా దగ్గరికి వచ్చింది, ఎందుకంటే డచ్చి పిల్ల చర్మానికి నేర్చుకున్న మిశ్రమం చామనఛాయకు పనికిరాలేదు. మన చర్మంలో తెలుపు కలిపితే వెలుగు రాదు, బూడిద వస్తుంది. నుదుటి మీద మెరుపు కిటికీలోని ఆకాశాన్ని పట్టుకుని కాస్త నీలంగా ఉంటుంది. మధ్య ఛాయల్లో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు, ఎల్లో ఆకర్ నిండుగా ఉండాలి, నీడల్లోకి నలుపు కాక అల్ట్రామెరైన్ నీలం, అలిజరిన్ అనే ముదురు ఎరుపు పోవాలి. ఇది వెర్మీర్ చెప్పగలిగిన పాఠం కాదు. ఐరోపా చిత్రాలనే దిద్దుతూ కూర్చుంటే చేతికి ఒక పరాయి చర్మం అలవాటవుతుందన్న విమర్శలో న్యాయం ఉంది, నేను దానిని ఒప్పుకుంటాను. ఆ విమర్శకు జవాబు దిద్దడం మానేయడం కాదు, మన చర్మాన్ని వేసినవారిని దిద్దడం. మన స్త్రీల ఒంటిరంగును, జరీ అంచు బరువును నూనె రంగుల్లో పట్టుకున్న రాజా రవివర్మను దిద్దాలి. రాజమహేంద్రవరంలో ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో ఎదిగి, బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చదివి, 28 ఏళ్ళు నిండకముందే 1925లో మశూచితో కన్నుమూసిన దామెర్ల రామారావును దిద్దాలి.

చూసి గీసినవారిని తక్కువ చేసే పెద్దలు చరిత్రను కాస్త గుర్తుచేసుకోవాలని నా మనవి. 1628లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్ వెళ్ళేనాటికి ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ వయసు 51, ఐరోపా అంతా ఎరిగిన పేరు. రాజకార్యం మీద వెళ్ళిన ఆ మనిషి అక్కడ ఉన్నన్నాళ్ళూ ఇటలీ చిత్రకారుడు టిషియన్ చిత్రాలను ఒకటి తరువాత ఒకటిగా దిద్దుకుంటూ కూర్చున్నాడు. ఆయన దిద్దిన ‘ఆదాము అవ్వ’, టిషియన్ వేసిన అసలు చిత్రం, రెండూ మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. రూబెన్స్ తన చిత్రంలో ఆదామును మరింత ముందుకు వంచాడు, చెట్టు మీద ఒక చిలుకను చేర్చాడు. రవివర్మ సంగతి మరీ బాధాకరం. 1868లో తిరువాన్కూరు రాజభవనానికి వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియోడర్ జెన్సన్ ఆ కుర్రవాడికి నూనె రంగుల మెలకువలు చెప్పలేదు, తాను వేస్తుంటే చూడనిచ్చాడు, అంతే. చూపుతో దిద్దుకోవలసి వచ్చింది ఆయనకు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ అజంతా. 1844 తరువాత మేజర్ రాబర్ట్ గిల్ ఏళ్ళ తరబడి ఆ గుహల్లో ఉండి వేసిన ప్రతికృతుల్లో చాలా భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. బొంబాయి కళాశాల విద్యార్థులతో జాన్ గ్రిఫిత్స్ వేయించినవాటిలో కూడా చాలా వరకు 1885లో లండన్‌లోనే మంటల పాలయ్యాయి. అయినా 1909 నుంచి 1911 వరకు రెండు చలికాలాలు ఇంగ్లండు చిత్రకారిణి లేడీ హెరింగామ్ మళ్ళీ ఆ పనికి పూనుకుంది. కలకత్తానుంచి నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ వంటి యువకులు వచ్చారు, హైదరాబాదునుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజలుద్దీన్ వెళ్ళారు. అజంతా ఆనాడు నిజాం రాజ్యంలో ఉండేది. సయ్యద్ అహ్మద్ ఆ తరువాత కూడా ఆ గుహల పనికే జీవితాన్ని ఇచ్చాడు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో అజంతా ప్రతికృతులకు ప్రత్యేకంగా ఒక గ్యాలరీ ఉంది. వాటి ముందు నిలబడిన ఎవరికైనా ‘కాపీ కొట్టారు’ అనే మాట నోటికి వస్తుందా? మసక చీకటి గుహల్లో, అందుతున్న కొద్దిపాటి వెలుతురులో, రాలిపోతున్న రంగును రాలకముందే కాగితం మీదికి తెచ్చినవారు వారు. నందలాల్ బోస్ ఆ తరువాత శాంతినికేతన్‌లో తన విద్యార్థులకు నేర్పిన గీతలో అజంతా ఉందని కళా చరిత్ర చదివినవారందరికీ తెలుసు.

నిజాయితీ విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే పరిశీలకుల భయం అక్కడినుంచే పుట్టి ఉంటుంది. అచ్చు వేయించిన కాన్వాసు మీద నాలుగు చోట్ల కుంచె ఆడించి చేతి బొమ్మ అని అమ్మేవారు ఉన్నారు. మరొకరి చిత్రాన్ని వేసి తన సంతకం పెట్టుకునేవారూ ఉన్నారు. అది మోసమే. అందుకే నా వద్ద నేర్చుకునేవారికి మూడు కట్టుబాట్లు పెట్టాను. కొలత అసలుకన్న వేరుగా ఉండాలి, అసలు చిత్రకారుని సంతకం వేయకూడదు, ఎవరి చిత్రం చూసి వేసినదో ముందువైపూ వెనుకవైపూ రాయాలి. చట్టం కూడా తెలుసుకోవాలి. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు ఆ చిత్రంపై హక్కు అతని వారసులకు ఉంటుంది. వెర్మీర్, రవివర్మ, దామెర్ల చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. 1992లో మరణించిన మన వడ్డాది పాపయ్యగారి చిత్రాలకు ఇంకా తీరలేదు. కనుక ఆయన బొమ్మను ఇంట్లో నేర్చుకోవడానికి దిద్దుకోవచ్చు గాని అమ్మకానికి పెట్టకూడదు. ఈ తేడా డ్రాయింగ్ తరగతిలో ఒక పీరియడు చెబితే సరిపోతుంది.

ఇంతా చేసి ఆ అమ్మాయి దిద్దినది అసలు చిత్రాన్ని కాదు, అచ్చు ప్రతిని, ఫోను తెరను. వాటిలో రంగు ఒక్కొక్కచోట ఒక్కొక్క రకంగా ఉంది. ఒక పుస్తకంలో తలగుడ్డ ఆకాశంలా ఉంటే, ఫోనులో నెమలి మెడలా ఉంది. కుంచె ఎంత చిక్కగా తాకిందో తెరమీద తెలియదు, వెలుగు వెనుకనుంచి వస్తుంది గనుక నీడలు కూడా మెరుస్తాయి. హేగ్ దూరమే. కాని మన చిత్రశాలల్లో ఉన్న అసలు చిత్రాల ముందు కూడా మన పిల్లలు కూర్చునే వీలు లేకపోవడమే నా బాధ. రెండేళ్ళ క్రితం ఒక చిత్రశాలలో ఒక రూపచిత్రం ముందు నిలబడి నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసుకుంటుంటే కాపలాదారు వచ్చి పుస్తకం మూయమన్నాడు. ఫోనుతో ఫొటో తీసుకుంటున్నవారిని మాత్రం ఏమీ అనలేదు. అతని తప్పు కాదు, అతనికి అలా చెప్పి ఉంచారు. ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఆ సంస్థ తెరిచిన 1793 నాటినుంచీ చిత్రకారులు అసలు చిత్రాల ముందు స్టాండు వేసుకుని దిద్దుకుంటూనే ఉన్నారు. ఫ్రెంచి చిత్రకారులు డెగా, సెజాన్ అక్కడ దిద్దినవారే. ఈనాటికీ అక్కడ అర్జీ పెట్టుకున్నవారికి కొన్ని నెలల గడువుతో అనుమతి ఇస్తారు, ఉదయం వేళల్లో పని చేసుకోనిస్తారు, దిద్దిన చిత్రం కొలత అసలుకన్న ఐదో వంతు చిన్నదిగానో పెద్దదిగానో ఉండాలంటారు. అంతమంది జనం వచ్చే చోటనే అది సాధ్యమైనప్పుడు, వారంలో సగం రోజులు నిశ్శబ్దంగా ఉండే మన చిత్రశాలల్లో ఎందుకు సాధ్యం కాదు?

రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు, సాంస్కృతిక శాఖలకు మీ పత్రిక ద్వారా నేను చేస్తున్న విన్నపం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వారానికి రెండు పూటలు, రద్దీ లేని రోజుల్లో, ముందుగా పేరు నమోదు చేసుకున్న విద్యార్థులను ఒక చిత్రం ముందు ఇద్దరు చొప్పున కూర్చోనివ్వండి. నూనె రంగులు, నీళ్ళు లోపలికి తేకూడదంటే తేరు, పెన్సిలు, బొగ్గుకడ్డీ, రంగు పెన్సిళ్ళు చాలు. కింద పరచుకోవడానికి పాత దుప్పటి వారే తెచ్చుకుంటారు. విద్యార్థుల ప్రదర్శనలు నిర్వహించే సంస్థలకు నాది మరొక చిన్న మనవి. సొంత చిత్రాల గోడ పక్కన ‘పెద్దలను చూసి నేర్చుకున్నవి’ అని ఇంకొక గోడ కేటాయించండి. దానికి బహుమతులు అక్కరలేదు. కాని అక్కడ పెట్టిన ప్రతి చిత్రం పక్కన అసలు చిత్రపు చిన్న అచ్చు ప్రతిని పెట్టి, ఎక్కడ అందుకున్నారో, ఎక్కడ తప్పారో పిల్లలతోనే రాయించండి. పరిశీలకులు ఆ కాగితాలు చదివి రెండు మాటలు చెబితే వారికి వెయ్యి నమస్కారాలు.

బల్ల కిందనుంచి తెచ్చిన ఆ చిత్రం ఇప్పుడు మా వరండాలో ఉంది. ఆ అమ్మాయి వారం రోజులు కుంచె ముట్టలేదు, మొన్న ఆదివారం మళ్ళీ వచ్చింది. సంక్రాంతి సెలవుల్లో రాష్ట్రంలోని ఏదో ఒక చిత్రశాలలో, మన చిత్రకారుడు వేసిన ఒక ముఖం ముందు కూర్చుని దిద్దడానికి అనుమతి కోరుతూ తన చేత్తోనే అర్జీ రాసిపెట్టింది. దానిని ఏ అధికారికి ఇవ్వాలో సంబంధిత శాఖవారు మీ పత్రికలో తెలియజేస్తే ఆ మరునాడే స్వయంగా తీసుకువెళ్ళి ఇస్తాను.

భవదీయుడు,
విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
తూర్పు గోదావరి జిల్లా